రెండు సీసాలు పట్టే తోలు సంచి

ఈ మధ్య పశువుల డాక్టరుగా కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి నా ఫోనుకు రెండు సంచుల ఫొటోలు పంపింది. ‘వీటిలో ఏది కొనమంటారు మేడమ్?’ అని కింద అడిగింది. ఒకటి నల్లది, మెరుస్తోంది. జిప్పులే ఏడెనిమిది ఉన్నాయి. రెండోది గోధుమ రంగుది, అసలైన తోలుదని రాసుంది. జవాబు రాద్దామని కూర్చుంటే అది రెండు మాటల్లో తెగలేదు. సంచి ఎలా ఎంచుకోవాలో నేను నేర్చుకున్నది ఒక ఆవు చచ్చిపోయాక. ఆ సంగతి చెప్పకుండా మిగతాది చెబితే సగం దాచినట్టే. అందుకని ఆమెకూ, ఆమెలా కొత్తగా ఫీల్డులోకి వస్తున్న మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో మొదటి పదేళ్లూ రోగ నిర్ధారణ ల్యాబులోనే ఉన్నాను. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే నన్ను మించినవాళ్లు లేరని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే పుంగనూరు దగ్గరి ఒక పశువుల ఆసుపత్రికి బదిలీ మీద వచ్చాను. చేరడానికి ముందు బెంగళూరు వెళ్లి ఒక సంచి కొన్నాను. ముదురు ఎరుపు, సన్నటి పట్టీ, బంగారు రంగు రింగులు. తోలుదే అన్నాడు అమ్మినవాడు. నిజానికి అది గుడ్డ మీద అతికించిన రెక్సిను. అప్పట్లో నాకు ఆ తేడా తెలియదు. చీర మీదికి బాగుందా లేదా అన్నది ఒక్కటే చూశాను.

ఆసుపత్రిలో నాతో పాటు ఒక కాంపౌండరు ఉండేవారు. రిటైర్మెంటుకు మూడేళ్లుంది. ఆయన భుజానికి ఎప్పుడూ ఒక ఖాకీ గుడ్డ సంచి. అందులో చేయి పెడితే చూడకుండానే కావలసింది తీసేవారు. మొదటి రోజే నా సంచి వంక చూసి, “మేడం, దీంట్లో కాల్షియం సీసాలు ఎన్ని పడతాయి?” అని అడిగారు.

“ఒకటి పడుతుంది.”

“రెండు పెట్టుకోండి మేడం. ఈడ జెర్సీ ఆవులు జాస్తి. ఈనినంక పాలజ్వరం వస్తానే ఉంటాది.”

“ఒక ఆవుకు ఒక సీసా సరిపోతుంది కదా,” అన్నాను.

“సరిపోతాది,” అన్నారాయన. పుస్తకం ప్రకారం నేను చెప్పింది తప్పు కాదు మరి.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఒక రోజు ఉదయం తొమ్మిదింటికి పదకొండు కిలోమీటర్ల దూరంలోని పల్లె నుంచి ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆవు ఆయనది కాదు, పక్కింటివాళ్లది. ఇంటాయన టమోటా లోడుతో మదనపల్లె మార్కెట్టుకు పోయాడు, ఇంట్లో ఆడమనిషి ఒక్కతే ఉంది. ఆవు మొన్న ఈనింది. నిన్న సాయంత్రం మేత సరిగా తినలేదు, పొద్దున చూస్తే లేవడం లేదు. పాలజ్వరమని నాకు వెంటనే అర్థమైంది. ఈనిన ఆవుకు పాలలోకి కాల్షియం అంతా పోయి ఒళ్లు చల్లబడి కూలబడిపోతుంది. సీసాడు కాల్షియం నరంలోకి ఎక్కిస్తే చాలాసార్లు అరగంటలో లేచి నిలబడుతుంది. మన వృత్తిలో ఇంత తొందరగా మంచి పేరొచ్చే వైద్యం మరొకటి లేదు. సీసా సంచిలో పెట్టుకుని ఉత్సాహంగా ఆయన బండి వెనక ఎక్కాను.

పల్లె ఇంకా కిలోమీటరు ఉందనగా బండి చక్రం గుంతలో పడి ఎగిరింది. నా భుజం మీది పట్టీ చటుక్కున తేలికైపోయింది. వెనక్కి తిరిగి చూసేసరికి సంచి రాళ్ల మీద పడి ఉంది. బంగారు రంగు రింగు విచ్చుకుపోయి పట్టీకి వేలాడుతోంది. సంచి అడుగు నుంచి కాల్షియం కారి దుమ్ములో ఇంకిపోతోంది.

ఫోనుకు సిగ్నల్ లేదు. ఆయన్ను వెనక్కి పంపి ఆసుపత్రి నుంచి ఇంకో సీసా తెమ్మన్నాను. నేను పల్లెలోకి నడిచాను. ఆవు పాక ముందు కూర్చుని ఉంది. మెడ డొక్క వైపు తిప్పుకుంది, చెవులు చల్లగా ఉన్నాయి. కానీ నేను తల మీద చేయి వేస్తే తల ఎత్తి చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు మందు చేతిలో ఉండుంటే అది లేచేది. నాకు ఆ క్షణంలోనే తెలుసు.

ఆ ఇల్లాలికి ముప్పయ్యేళ్లుంటాయేమో. నా చేతుల వైపే చూస్తోంది. ఆవు పక్కకు ఒరిగిపోకుండా గడ్డి మూటలు ఆనించాం, ఒళ్లంతా గోనెపట్టాలతో రుద్దాం. గంట గడిచింది. ఇంకో పావుగంట గడిచేసరికి ఆవు పూర్తిగా పక్కకు పడిపోయింది, పొట్ట ఉబ్బింది. మోటారు సైకిలు చప్పుడు వినిపించేసరికి దాని ఊపిరి ఆగిపోయింది. బండి వెనక నుంచి కాంపౌండరు దిగారు. చేతిలో రెండు సీసాలున్నాయి.

చుట్టూ పదిమంది చేరారు. ఆ ఇల్లాలు ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

“ఆ సీసా పగలకుండా ఉంటే బతికుండునా డాక్టరమ్మా?”

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “లేదమ్మా, ముదిరిపోయింది. సీసా ఉన్నా లాభం ఉండేది కాదు. నిన్న సాయంత్రం మేత మానినప్పుడే కబురు చేసుండాలి,” అన్నాను.

అందరూ తలూపారు. డాక్టరు చెప్పింది కదా. కాంపౌండరు సీసాలు రెండూ ఖాకీ సంచిలో పెట్టుకుని బండి వైపు నడిచారు.

మరుసటి రోజు ఆసుపత్రిలో రిజిస్టరు రాస్తూ ఆయన తల ఎత్తకుండా అడిగారు. “మీరు పొయ్యేతలికి ఆవు తల ఎత్తుకోనుండాదా మేడం?”

“ఎత్తింది,” అన్నాను.

ఆయన రిజిస్టరు పేజీ తిప్పారు. ఏదో ఒకటి అని ఉంటే నేనూ వాదించి గెలిచేదాన్నేమో. వారం తర్వాత ఆయనే ఒక కబురు చెప్పారు. ఆ ఇంటాయన పెళ్లాంతో సరిగా మాట్లాడటం లేదట. “నీ సోంబేరితనానికి ఆవు పాయె” అని నలుగురిలో అంటున్నాడట. ఆ మాట చెప్పి, వెంటనే, “మీకు సంచి కావల్ల గదా, మదనపల్లెలో ఒక సాయిబు ఉండాడు. పోయి సూడండి,” అన్నారు. రెండు సంగతులూ ఒకే ఊపిరిలో ఎందుకు చెప్పారో నేను అడగలేదు.

మదనపల్లె బస్టాండు వెనక సందులో మెట్ల కింద ఉంది ఆ కొట్టు. ఒకప్పుడు జట్కా గుర్రాలకు జీను, పట్టీలు కుట్టిన పెద్దాయన. జట్కాలు పోయాక చెప్పులు, బెల్టులు బాగుచేస్తూ, ఎవరైనా అడిగితే సంచులు కుడుతున్నాడు. నేను తెగిపోయిన సంచి ఆయన ముందు పెట్టాను. ఆయన రింగును రెండు వేళ్లతో నొక్కి చూశాడు. లోపలి అంచు గోటితో గీరితే పైపొర ఉల్లిపొట్టులా లేచొచ్చింది.

“తోలును కోసిన సోట సూడాల బేటీ. పోగులు పోగులుగా కనపడితే తోలు. పొరలు పొరలుగా లేస్తే ఇట్టాంటిది,” అన్నాడు. తర్వాత ఒక గుడ్డ పరిచి, “నువ్వు మోసేదంతా ఈడ పెట్టు,” అన్నాడు.

స్టెతస్కోపు, థర్మామీటరు, సూదుల డబ్బా, తాళ్లు, చేతి తొడుగులు, మందులు, ఒక కాల్షియం సీసా. ఆయన ఒక్కొక్కటీ చేత్తో బరువు చూశాడు. నన్ను నిలబడమని భుజం నుంచి నడుము దాకా నూలుతాడుతో కొలిచాడు. ఆవు దగ్గర ఎలా కూర్చుంటావో చూపించమన్నాడు. ఆ సందులో, నలుగురు చూస్తుండగా, లేని ఆవు పక్కన గొంతుకూర్చుని చూపించాను.

“ఒక సెయ్యి ఆవు మీద ఉంటాది. సంచి ఒక సేత్తోనే తెరవాల. జిప్పు వద్దు, దుమ్ముకు పట్టేస్తాది. ఇత్తడి బకిల్ పెడతా. నోరు ఎడల్పుగా, తెరిస్తే తెరిచినట్టే ఉండాల. అడుగు బల్లపరుపుగా ఉండాల, పెడితే పడకూడదు. పట్టీ నాలుగు వేళ్ల ఎడల్పు. సన్నంగా ఉంటే భుజం కోస్తాది,” అని తనలో తాను లెక్క వేసుకున్నాడు. తర్వాత తోలు చూపించాడు. చిన్న పలకంత మందం ఉంది.

“ఎనుము తోలమ్మా. ఆవులకు వైద్దిగం సేసేదానివి, నీకు ఆవు తోలు కుట్టను.”

అక్కడ గేదెను ఎనుమంటారు. ఆయన సీసా చేతిలోకి తీసుకుని, “ఇది ఒకటేనా?” అన్నాడు.

“రెండు పట్టేటట్టు కుట్టండి,” అన్నాను. అన్నాక ఆగలేకపోయాను. గుంత, రింగు, ఆవు తల ఎత్తి చూడటం, ఆ ఇల్లాలితో నేను అన్న మాట, అంతా చెప్పేశాను. ముక్కూమొహం తెలియని మనిషికి ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు.

ఆయన దారానికి తేనెమైనం పట్టిస్తూ విన్నాడు. “రింగు తెగింది అమ్మినోని తప్పు. సీసా ఒకటే పెట్టుకోనింది నీ తప్పు. అవి రెండూ అయ్యే పనులే. ఆ యమ్మకు సెప్పింది మాత్రం వేరే,” అన్నాడు. దారం సూదిలోకి ఎక్కిస్తూ మళ్లీ తనే అన్నాడు. “నేను ఒకసారి జట్కాకు పాత దారంతో పట్టీ కుట్టినా. ఎత్తు ఎక్కతా ఉంటే తెగింది. గుర్రం మోకాళ్లు పగిలిపాయె. గుర్రం బెదిరింటాదిలే అని సెప్పినా జట్కా ఆయప్పకు. ఆయప్ప నమ్మి గుర్రాన్ని కొట్టినాడు. సెప్పాలనుకుంటా ఉంటి. ఆయప్ప సచ్చిపాయె. ఇంగ ఎవురికి సెప్పేది?”

పదిహేను రోజులకు సంచి తయారైంది. ముదురు గోధుమ రంగు, లోపల సీసాలకు రెండు అరలు, వాటికి కంబళి గుడ్డ లైనింగు. ప్రతి కుట్టూ రెండు సూదులతో వేసింది. ఒక పోగు తెగినా వరస విడిపోదని ఆయన తెగిన దారం ముక్కతో చూపించాడు. ఎండలో ఆరబెట్టవద్దన్నాడు, నెలకోసారి ఆముదం రాయమన్నాడు. భుజానికి వేసుకుంటే బరువుగానే ఉంది. కానీ ఆ బరువు ఒకచోట నిలిచింది, ఊగలేదు.

నేను మదనపల్లె నుంచి నేరుగా ఇంటికి వెళ్లలేదు. పుంగనూరు బస్సెక్కి, అక్కణ్నుంచి ఆటోలో ఆ పల్లెకు వెళ్లాను. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో మాటలు కూర్చుకున్నాను. ఆ ఇంటి ముందు దిగేసరికి అన్నీ మరిచిపోయాను.

ఆమె వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఆమె భర్త కొంచెం దూరంలో టమోటా చెట్లకు ఊతం కట్టే కట్టెలు చెక్కుతున్నాడు. నన్ను చూసి ఆమె లేచింది. “కూర్సో డాక్టరమ్మా,” అని పీట వేసింది. నేను కూర్చోలేదు.

“ఆ రోజు నేను నీకు అబద్ధం చెప్పినానమ్మా. నేను వచ్చేసరికి ఆవు తల ఎత్తి చూసింది. మందు పడుంటే లేచేది. నా సంచి తెగి సీసా పగిలింది, రెండో సీసా నేను పెట్టుకోలేదు. పెట్టుకోమని కాంపౌండరు చెప్పినా వినలేదు. నువ్వు ఆలస్యం చేయలేదు. పొద్దున పిలిచినావు, సమయానికే పిలిచినావు.”

ఆమె చేతిలోని కాయలు చేటలో వేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడడానికే వచ్చాను. ఆమె గొంతు పెంచకుండా అంది.

“ఆ మాట ఇంగోసారి సెప్పు తల్లీ. ఆయప్ప ఇనేట్టు సెప్పు.”

నేను ఆయన వైపు తిరిగి మొదటి నుంచి మళ్లీ చెప్పాను. రెండోసారి ఇంకా కష్టమైంది. ఆయన కత్తి పక్కన పెట్టాడు. కట్టె మొన వేలితో తడుముతూ విన్నాడు.

“అంటే దీంది తప్పు లేదంటావు,” అన్నాడు.

“లేదప్పా. నాది.”

“మరి ఆ పొద్దే సెప్పుంటే ఏమి?”

“భయపడినాను,” అన్నాను.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చేనుకు వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టింది. “బస్సుకు పొద్దయితాది, పో డాక్టరమ్మా,” అంది. క్షమించానని అనలేదు, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అడిగే హక్కు నాకూ లేదు. కానీ రెండు నెలల తర్వాత ఒక రోజు కడుపుబ్బిన మేకను ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చింది. నేను వేరే పల్లెలో ఉన్నాను. కాంపౌండరు మందు వేస్తానంటే, “ఆయమ్మ వస్తే ఆయమ్మే సూస్తాది. ఉండేది ఉన్నట్టు సెప్తాది,” అని గంటసేపు బయట కూర్చుందట. నేను వచ్చేసరికి మేక ఉబ్బు చాలావరకు తగ్గిపోయింది. ఆయన వినకుండా వేసేశారు మరి. ఆ రోజు కాంపౌండరు నవ్వడం మొదటిసారి చూశాను.

ఈ సంగతి పై అధికారికి కూడా రాసి ఇచ్చాను. ఒక మెమో వచ్చింది, జవాబు ఇచ్చాను. ఆ తర్వాత ఉద్యోగంలో మరెన్నో పశువులు నా చేతిలో పోయాయి. ఎందుకు పోయిందో ప్రతిసారీ ఇంటివాళ్లకు చెప్పాను. చెప్పడం అలవాటైతే వైద్యం కూడా బాగుపడుతుంది. దాచడానికి పెట్టే బుర్రంతా పశువు మీద పెట్టొచ్చు.

మూడేళ్లకు కుప్పం వైపు బదిలీ అయింది. తమిళనాడు సరిహద్దు దగ్గరి పల్లె నుంచి వానాకాలంలో ఒక పెద్దాయన వచ్చాడు. ఈనిన ఆవు పొద్దున్నించి లేవలేదు. జీపు దారికి అడ్డంగా పారే వంక దాకానే పోయింది. నీళ్లు మోకాళ్లను దాటి పారుతున్నాయి. పెద్దాయన సంచి తాను తెస్తానన్నాడు, నేను ఇవ్వలేదు. వంక మధ్యలో పాచి రాయి మీద కాలు జారి పక్కకు పడ్డాను. సంచి నాతో పాటే మునిగి, రాతికి ధన్‌మని కొట్టుకుంది. పెద్దాయన నన్ను లేపుతూ, “సీసాలుండాయా పగిలినాయా సూడమ్మా,” అన్నాడు.

ఒడ్డుకు వచ్చి బకిల్ తీశాను. మూత కింద అంచు దగ్గర కొంచెం తడి. కంబళి అరల్లో రెండు సీసాలూ పొడిగా ఉన్నాయి.

ఆవు పక్కకు ఒరిగే స్థితిలో ఉంది. మొదలుపెట్టే ముందే ఇంట్లో అందరితో అన్నాను. “లేస్తుందనే అనుకుంటాండా. లేవకపోతే ఎవరి వల్ల లేవలేదో అది కూడా చెప్తా. నా వల్లయితే నా వల్లనే అంటా.”

పెద్దాయన నన్ను వింతగా చూశాడు. “అదంతా తర్వాత సూస్కుందాం గానీ, ముందు ఆవును సూడు తల్లీ,” అన్నాడు.

సీసాను వేడినీళ్లలో పెట్టి, గోరువెచ్చన చేసి, మెడ నరంలోకి మెల్లగా వదిలాను. ఒక చెవి స్టెతస్కోపుకే. గుండె తడబడితే ఆపడం, కుదురుకుంటే వదలడం. మొదటి సీసా అయిపోయింది. ఆవు కదల్లేదు. పెద్దాయన కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కళ్లు అటు తిప్పకుండా ఎడమ చేత్తో రెండో సీసా తీసి, సగం నరానికి, సగం చర్మం కింద ఇచ్చాను. సూది తీసి పక్కన కూర్చున్నాను. ఇక చేయడానికి ఏమీ లేదు.

పది నిమిషాలకు ఆవు ఒళ్లు సన్నగా వణికింది. ఎండిన మూతి మీద చెమట బిందువులు మెరిశాయి. గట్టిగా తేన్చింది. తర్వాత వెనక కాళ్లు కూడదీసుకుని, ఒకసారి కూలబడి, రెండోసారి ఒక్క ఊపున లేచి నిలబడింది. నేను పక్కకు తప్పుకున్నాను కానీ సంచి తీయడం మరిచిపోయాను. నోరు తెరిచిపెట్టిన సంచి సరిగ్గా దాని వెనకే ఉంది. లేచిన ఆవు తోక ఎత్తి, రోజంతా కడుపులో ఆగిపోయిన పేడనంతా అందులో వేసింది.

పెద్దాయన తువ్వాలు తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. “అయ్యో, సంచి పాడైపాయెనే డాక్టరమ్మా. ఎంత మంచి సంచి.”

“పాడు కాలేదప్పా,” అన్నాను. “పేడ వేసిందంటే కడుపు కదిలినట్టే. నీ ఆవు బతికింది.”

ఆయనకు నమ్మకం కుదరలేదు. సంచిలోకి ఒకసారి, ఆవు వైపు ఒకసారి చూశాడు. అప్పటికి ఆవు దూడ దగ్గరికి నడిచిపోయి దాన్ని నాకుతోంది. కోడలు బిందెతో నీళ్లు తెచ్చింది. నేను, పెద్దాయన చెరోవైపు కూర్చుని, నవ్వుకుంటూ సంచి కడిగాం.